సత్తువ యుడిగిన సెల్లులు

మన పల్లెలకు విద్యుద్దీపములు రాకమునుపే విద్యుచ్ఛక్తి వచ్చినది. అది స్తంభములపై తీగల వెంట రాలేదు. సంతకు పోయి వచ్చిన రైతు చొక్కాజేబులో, ఎఱ్ఱని కాగితపు తొడుగు గల రెండు సెల్లుల రూపమున వచ్చినది. రాత్రివేళ మడికి నీరు కట్టబోవు రైతునకు టార్చిలైటు గట్టుపైని పామును చూపినది. ఆ వెనుక ట్రాన్సిస్టరు రేడియో వచ్చి, నలుగురు కూర్చుండు అరుగుపైని వార్తలను, హరికథలను వినిపించినది. సెల్లు వెల గల వస్తువు. కావున ఆ కాలపు గృహస్థులు దానిని మిక్కిలి పొదుపుగా వాడెడివారు. వెలుగు మందగించినచో ఎండలో నుంచి, మఱి రెండు దినములు పని చేయించుకొనెడివారు.

ఎండకును లొంగని సెల్లు పిల్లల పాలయ్యెడిది. వారు దానిని రాతితో చితుకగొట్టి, నడుమ నున్న నల్లని కడ్డీని లాగుకొని, గోడలపై గీతలు గీయుచు మురిసిపోయెడివారు. అరచేతుల కంటిన నల్లపొడి రెండు దినములకు గాని వదిలెడిది కాదు. మిగిలిన రేకులును, పొడియు పెరటిలోని పెంటకుప్పలో పడి, తొలకరికి ఎరువుబండి నెక్కి పొలమునకు చేరెడివి. దీనిని తప్పని తలచినవారు లేరు; తలచుటకు తగిన తెలివిడియు నాడు లేదు. సంవత్సరమునకు నాలుగో ఆరో సెల్లులు గల యిల్లు నేలకు చేయగల కీడు కొలదియే.

నేటి యిల్లు అట్టిది కాదు. గోడ గడియారములో నొకటి, టెలివిజను మీటలో రెండు, పసివాని బొమ్మలో మూడు, జ్వరమును కొలుచు సాధనములో నొకటి, తాతగారి చెవిలోని యంత్రములో గోరంత యొకటి, ఇక ఇంటిలోని ప్రతివాని చేతిలోను ఒక ఫోనును, దానిలో నొక పలుచని బ్యాటరీయు కలవు. ఇల్లాలు వీనిని లెక్కింప బూనినచో తన లెక్కకు తానే ఆశ్చర్యపడును. ఇవి యన్నియు ఒకనాటికి సత్తువ యుడుగును. ఉడిగినవానిని ఏమి చేయవలెను? ప్రశ్న చిన్నదివలె కనబడును గాని, దీనికి సమాధానము వెదకుటకు కొన్ని దేశములకు పదుల సంవత్సరములు పట్టినది.

సెల్లు లోపల నేమున్నదో తెలిసినగాని విషయము బోధపడదు. ఇటలీదేశీయుడైన వోల్టా 1800 లో లోహపు బిళ్ళలను ఒకదానిపై నొకటి పేర్చి, నడుమ ఉప్పునీటితో తడిపిన అట్టల నుంచి, ఎడతెగని విద్యుత్ప్రవాహమును మొదటిసారి సాధించెను. 1866 లో లెక్లాంషే యను ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు తుత్తునాగము, మాంగనీసు, బొగ్గు, నవాసాగరపు ద్రావణము చేర్చి వేఱొక ఘటమును కల్పించెను. పాత్రలకు కళాయి పూయువారు కాగిన పాత్రపై చల్లెడి నవాసాగరమే యిది. 1886 లో జర్మనుడైన గాస్నరు ఆ ద్రావణమును ముద్దగా మార్చి, తుత్తునాగపు డబ్బీలో బిగించి, ఎటు త్రిప్పినను ఒలుకని సెల్లును చేసెను. గడియారములలో నేడు వాడు సెల్లు ఈ వంశములోనిదే.

తుత్తునాగమునకు ఒక దుర్గుణము కలదు. సెల్లు పనిచేయక ఊరక యున్నప్పుడును అది లోలోపల తినబడుచు, వాయువును పుట్టించును. దానివలన సెల్లు ఉబ్బును, కాఱును. దీనిని అరికట్టుటకు తయారీదారులు పెక్కేండ్లపాటు తుత్తునాగమునకు కొంచెము పాదరసమును చేర్చిరి. సెల్లు కాఱుట తగ్గినది. కాని ఇంటింటికిని రవంత పాదరసము ప్రవేశించినది. తిరిగి నింపుకొన వీలగు సెల్లులలో కొన్నింటియందు కాడ్మియము చేరినది. 1991 లో అమ్మకమునకు వచ్చిన లిథియం అయాను బ్యాటరీలలో కోబాల్టు, నికెలు, రాగి మున్నగునవి కలవు. వీని మార్గమును చూపిన ముగ్గురు శాస్త్రజ్ఞులకు 2019 లో నోబెలు బహుమతి లభించినది.

సత్తువ యుడిగిన సెల్లులో ఉడిగినది శక్తియే గాని పదార్థము కాదు. తుత్తునాగము రూపు మారి యున్నది, మాంగనీసు మారి యున్నది, ఉక్కు రేకు ఉన్నట్లే యున్నది. తూకమున క్రొత్త సెల్లునకును పాత సెల్లునకును చెప్పుకొనదగిన భేదము లేదు. మఱి ఇంత సరకు గలదానిని ఎవ్వరును ఏల కొనరు?

ఇచటనే అసలు చిక్కున్నది. వీధిలో పాత ఇనుము కొనుటకు వచ్చు బండివానిని పరికింపుడు. వాడు చిల్లిపడిన బిందెను కొనును, పాత పుస్తకములను కొనును, ఖాళీ సీసాలను కొనును. మోటారు బండిలోని సీసపు బ్యాటరీయైనచో ఎదురేగి కొనును. క్రొత్త సీసపు బ్యాటరీ నమ్ము దుకాణదారుడు పాతదానిని పుచ్చుకొని, వెలలో కొంత తగ్గించి యిచ్చును. ఏలయన సీసమును కరగించుట తేలిక, దాని వెల గట్టిది. అందుచేత సీసపు బ్యాటరీ ఎవ్వరును పిలువకయే తన దారిని తాను వెదకికొనును. ఆ దారి అన్నివేళలను మంచిది కాదు. ఊరి చివర బట్టీలలో సీసమును కరగించువారి పిల్లల నెత్తుటిలో సీసము చేరుట వైద్యు లెఱిగిన విషయమే. అయినను దారి యొకటి కలదు. గడియారపు సెల్లునకు ఆ దారియు లేదు. దానిని కూడబెట్టి, వేఱుపఱచి, లోహమును రాబట్టుటకగు వ్యయము, వచ్చిన లోహపు వెలకంటె తఱచుగా ఎక్కువ. బండివాడు దానిని చేత పట్టి చూచి, మరల గృహస్థునకే యిచ్చును. వానిని నిందింపరాదు, వాని బ్రతుకుతెరువు తూకముపై నున్నది.

వెల లేని వస్తువు తనంత తాను కదలదు. దానిని కదల్చుటకు భయమో, చట్టమో, ప్రజల పూనికయో కావలెను. ఈ మూడును ఏ వరుసన వచ్చునో జపానుదేశపు చరిత్ర చక్కగా చూపుచున్నది.

జపానునకు ఉత్తరమున హొక్కైదో యను పెద్ద ద్వీపము కలదు. శీతకాలమంతయు అచట మంచు మేటలు వేయును. ఆ ద్వీపపు కొండల నడుమ ఇతోముక యను చోట 1939 లో పాదరసపు గని యొకటి తెరవబడినది. ఆ పేరు ఆ ప్రాంతపు ఆదివాసులైన ఐనూల భాషలోనిది. తళతళలాడు నీరని దాని యర్థముగా చెప్పుదురు. పాదరసము సాధారణముగా ఇంగిలీకమను ఎఱ్ఱని రాతిలో దాగియుండును. ఇచటనో రాతి పగుళ్ళలో పాదరసము తన నిజరూపముననే బొట్లుబొట్లుగా దొరకెడిది. అది ఆ దేశమున పేరెన్నికగన్న పాదరసపు గని యయ్యెను.

ఇంతలో దేశపు దక్షిణభాగమున ఒక ఘోరము బయల్పడినది. మినమాత యను సముద్రతీరపు పట్టణమున ఒక రసాయన కర్మాగారము పాదరసము గల మురుగునీటిని సముద్రపు పాయలోనికి వదలుచుండెను. చేపలు ఆ విషమును గ్రహించినవి. చేపలను తిన్న పిల్లులు పిచ్చియెత్తి గంతులు వేసి చచ్చినవి. జాలరుల బిడ్డలు కాలుసేతులు స్వాధీనము తప్పి మంచము పట్టిరి. 1956 లో ఈ వ్యాధిని అధికారికముగా గుర్తించిరి. కారణమును ప్రభుత్వము అంగీకరించుటకు మఱి పండ్రెండేండ్లు పట్టినది. అప్పటినుండి పాదరసమను మాట విన్నంతనే జపాను ప్రజలు ఉలికిపడ నారంభించిరి. పాదరసపు వాడుక తగ్గినది. 1974 లో ఇతోముక గని మూతపడినది.

కథ ఇంతటితో ముగియలేదు. 1980 దశకపు తొలి సంవత్సరములలో ఇంటిసెల్లులలోను పాదరస మున్నదను సంగతి పత్రికల కెక్కినది. చెత్తను కాల్చు కొలుముల పొగగొట్టముల గుండ ఆ పాదరసము ఆకాశమున కెగయునని గృహిణులు ఆందోళన చెందిరి. పురపాలక సంఘములు సెల్లులను వేఱుగా తీసికొన నారంభించినవి. తీసికొనుట తేలికయే. డ్రమ్ములకు డ్రమ్ములు నిండినవి. వానిని ఎచటికి పంపవలెను? పాదరసమును రాతినుండి వేఱుచేయు కొలుములును, ఆ పనిలో చేయి తిరిగిన పనివారును గల చోటు ఇతోముక. గని మూతపడబోవు తఱి, 1973 లోనే అచట ఒక సంస్థ యేర్పడి, పాదరసము గల వ్యర్థములను శుద్ధిచేయు పనిని చేపట్టియుండెను. సెల్లులును అచటికే చేరినవి. రాతిని కాల్చిన చోటనే సెల్లులను కాల్చిరి. పాదరసము ఆవిరియై లేచి, చల్లని గొట్టములలో మరల ద్రవమై దిగినది. మిగిలినదానినుండి ఇనుమును అయస్కాంతముతో లాగివేసి, తుత్తునాగము, మాంగనీసు గల పొడిని వేఱుగా అమ్మిరి. భూమినుండి పాదరసమును వెలికి తీసిన ఊరు, ఊళ్ళనుండి పాదరసమును వెనుకకు తీసికొను ఊరైనది. ఇట్టి వింత చరిత్ర గల గనులు లోకమున అరుదు.

ప్రజల కలవరమువలన ఇంకొక మేలును కలిగినది. తయారీదారులు పాదరసము లేకయే సెల్లు కాఱకుండు ఉపాయమును కనుగొనిరి. 1990 దశకపు తొలి రెండు మూడు సంవత్సరములలోనే జపానున సామాన్యపు సెల్లులనుండి పాదరసము తొలగినది. పెట్టెలో పడు సెల్లును శుద్ధిచేయుటకంటె, సెల్లు పుట్టుకలోనే విషమును లేకుండ చేయుట మేలైన మార్గమనుటకు వేఱు నిదర్శనమేల?

ఐరోపా దేశములు ఈ పనిని మఱియొక కోణమునుండి చూచినవి. వ్యయము ఎవరిదను ప్రశ్నను అవి ముందుగా వేసికొన్నవి. బెల్జియము 1993 లో కొన్ని వస్తువులపై పర్యావరణపు పన్ను విధించు శాసనము చేసినది. సెల్లులను తామే తిరిగి సేకరించు వ్యాపారులకు ఆ పన్నునుండి మినహాయింపు కలదని చెప్పినది. వ్యాపారు లందఱును కూడి 1995 లో బెబాట్ అను సంస్థను స్థాపించి, దుకాణములలోను, బడులలోను పెట్టెలు పెట్టిరి. పన్ను కట్టుటకంటె పెట్టె పెట్టుటయే వారికి చవుక. ఈ శాసనమును వ్రాసినవారికి మనుష్యస్వభావము బాగుగా తెలియునని ఒప్పుకొనవలెను. ఐరోపా సమాఖ్య 2006 నాటి శాసనమున ప్రతి సభ్యదేశమును చిన్న సెల్లులలో నూటికి 25 వంతులను 2012 నాటికి, 45 వంతులను 2016 నాటికి సేకరింపవలెనని గడువు పెట్టినది. 2023 లో దానిని మార్చి, 2027 చివరకు 63 వంతులు, 2030 చివరకు 73 వంతులని హెచ్చించినది. అమ్మిన దుకాణము పాత సెల్లును ఉచితముగా పుచ్చుకొనవలెను. క్రొత్తది కొనుమని నిర్బంధింపరాదు.

నూటికి నూఱు ఏల పెట్టలేదని అడుగవచ్చును. సెల్లు కొన్న యేడే చావదు. చచ్చినను వెంటనే పెట్టెకు పోదు. సొరుగులో మేకుల నడుమ, సూదిదారపు డబ్బాలో, పాత బొమ్మ కడుపులో ఏండ్ల తరబడి పడియుండును. ఈ విషయమున బెల్జియము సొరుగునకును బెజవాడ సొరుగునకును భేదము లేదు.

మన దేశమున 2001 నాటి నియమములు సీసపు బ్యాటరీలకే పరిమితములు. 2016 లో వెలువడిన ఘనవ్యర్థముల నియమములు వాడిన సెల్లులను, మందులను, రంగుల డబ్బాలను ఇంటి ప్రమాదకర వ్యర్థములని పేర్కొని, వీనిని తడిచెత్తలోను పొడిచెత్తలోను కలుపక వేఱుగా నుంచవలెనని చెప్పినవి. వీనిని పుచ్చుకొనుటకు 20 చదరపు కిలోమీటరుల కొకటి చొప్పున కేంద్రములను నెలకొల్పుట స్థానిక సంస్థల విధిగా విధించినవి. 2022 ఆగస్టులో కేంద్రప్రభుత్వము అన్ని రకముల బ్యాటరీలకును వర్తించు నియమములను ప్రకటించినది. బ్యాటరీని చేయువాడును, విదేశమునుండి తెచ్చువాడును దానిని తిరిగి సేకరింపజేసి, శుద్ధిచేయించు భారమును వహింపవలెను. చిన్న సెల్లులనుండి రాబట్టవలసిన పదార్థము 2024-25 లో నూటికి 70 వంతులు, మఱుసటి యేట 80, 2026-27 నుండి 90 అని నిర్ణయించినది. సెల్లుపై చక్రములు గల చెత్తడబ్బా బొమ్మ నుంచి దానిపై అడ్డుగీతలు గీయవలెననియు ఆజ్ఞాపించినది. సెల్లును చెత్తలో వేయరాదని దాని భావము. ఈ గుర్తును చూడని యిల్లు లేదు. చూచి అర్థము గ్రహించిన యిండ్లు కొలదిగా నున్నవి.

తెలుగునాటికి ఈ విషయముతో సంబంధము లేకపోలేదు. 1970 దశకమునుండి నెల్లూరిలో తయారైన నిప్పో సెల్లులు దక్షిణదేశపు టార్చిలైట్లను వెలిగించినవి. హైదరాబాదునందలి సి-మెట్ అను కేంద్రప్రభుత్వ పరిశోధనాలయము, పాత లిథియం బ్యాటరీలనుండి లోహములను రాబట్టు పద్ధతిని రూపొందించి పరిశ్రమలకు అందించినది. సెల్లును పుట్టించు విద్యయు, దానిని విప్పు విద్యయు మనకు కలవు. నడుమ నున్న దారి మాత్రము సరిగా పడలేదు. ఆ దారి గృహస్థుని సొరుగునుండి మొదలగును.

ఊరిలో సెల్లుల సేకరణ మొదలిడువారు తఱచుగా పెట్టెతో ప్రారంభింతురు. పెట్టెకు రంగు వేయుదురు, పెద్దమనుష్యు నొకనిచే ఆవిష్కరింపజేయుదురు, ఛాయాచిత్రము తీయించుకొందురు. మూడు మాసములకు దానిలో అరటితొక్కలును, బస్సు టిక్కెట్లును పేరుకొనును. లోపము పెట్టెలో లేదు. పెట్టెను ఎవరు, ఎప్పుడు ఖాళీ చేయుదురు, ఎచటికి చేర్చుదురు అను ప్రశ్నకు ముందుగా సమాధానము వ్రాసికొనకపోవుటలో నున్నది. కాలుష్య నియంత్రణ మండలియొద్ద నమోదైన శుద్ధిశాల యేదో తెలిసికొని, వారితో మాట తీసికొని, పిదప పెట్టె చేయించుట మంచిది. పోవు చోటు లేక కూడబెట్టిన సెల్లులకుప్ప, ఇంటింట చెదరియున్న సెల్లులకంటె ఎక్కువ ప్రమాదకరము.

దీనికి కారణము నిప్పు. చచ్చినదనుకొన్న సెల్లులో కొంత శక్తి మిగిలియే యుండును. ఒకదాని కొన మఱియొకదాని కొనను తాకినచో ఆ శక్తి వేడిగా మారును. లిథియం బ్యాటరీ నలిగినను, గ్రుచ్చుకొనినను భగ్గున మండును. చెత్తను అదుము లారీలలోను, చెత్తకుప్పలలోను ఇట్లు అగ్నిప్రమాదములు జరుగుట నేడు లోకమంతటను కనబడుచున్నది. కావున లిథియం సెల్లుల కొనలకును, చదరపు తొమ్మిది వోల్టుల సెల్లు కొనలకును అంటుపట్టీ నంటించి పెట్టెలో వేయవలెను. ఉబ్బిన ఫోను బ్యాటరీని పెట్టెలో వేయనే రాదు; దానిని మండు వస్తువులకు దూరముగా, పొడి యిసుకలో నుంచి, పెద్దలకు తెలుపవలెను. పెట్టె చిన్నదిగా నుండుటయే మేలు. చిన్న పెట్టె త్వరగా నిండును, త్వరగా కదలును.

బొత్తాములవంటి బిళ్ళసెల్లుల సంగతి మఱింత జాగ్రత్తతో చూడదగినది. పసివారు వీనిని మిఠాయి యనుకొని మ్రింగుదురు. గొంతునాళమున చిక్కుకొన్న బిళ్ళ అచటి తడివలన పనిచేయసాగి, తీవ్రమైన క్షారమును పుట్టించి, రెండు గంటల లోపలనే కండను కాల్చును. ఇంటనున్నవారు వాంతి చేయింపబూనక, క్షణము జాగు చేయక ఆసుపత్రికి పరుగెత్తవలెను. బొమ్మకు సత్తువ చాలని సెల్లు బిడ్డను చంపుటకు చాలును. పాత బిళ్ళలు సొరుగులోనుండి పెట్టెలోనికి పోవుటకు ఈ యొక్క కారణమే చాలదా?

పాదరసము లేని నేటి సామాన్యపు సెల్లును వేఱుగా సేకరించుట వృథాశ్రమ యని వాదించువారును కలరు. నాలుగు కిలోల సెల్లులకై ఒక బండి నలువది మైళ్ళు పోయినచో, కాలిన చమురు చేయు కీడు సెల్లు చేయు కీడును మించునని వారందురు. ఈ వాదమున సత్యము కలదు. కాని దానికి విరుగుడును కలదు: సెల్లులకై ప్రత్యేకముగా బండిని నడపరాదు. దుకాణములకు సరకు దించిన బండ్లు వట్టివై తిరిగిపోవుచున్నవి. పొడిచెత్త బండి ఎట్లును వీధికి వచ్చుచున్నది. వానిలో మూల నొక డబ్బాకు చోటు చాలును. పైగా గృహస్థునకు ఏ సెల్లులో ఏమున్నదో తెలియదు. సామాన్యపు సెల్లును చెత్తలో వేయుమని చెప్పినచో, పొరపాటున లిథియం సెల్లును వేయును. అన్నియు ఒక్కచోట వేయుమనుటయే తెలియజెప్పుటకు తేలిక. వేఱుపఱచు పని శుద్ధిశాలలోని నేర్పరులు చేసికొందురు.

బడులలో ఈ పని చేపట్టినచోట పెట్టె ప్రక్కన నొక పుస్తకము నుంచుట మంచి పద్ధతి. పెట్టె నిండిన తేదీ యొక గడిలో, సెల్లుల తూకము మఱియొక గడిలో, తీసికొనిపోయినవాని సంతకము మూడవ గడిలో నుండును. మొదటి రెండు గడులను ఎనిమిదవ తరగతి పిల్లలు నింపగలరు. మూడవది మాత్రము వారి చేతిలో లేదు. పురపాలక సంఘమువారో, సెల్లులను చేసినవారో వచ్చి అచట సంతకము చేయవలెను. వారు రాకున్న మాసమున ఆ గడి ఖాళీగా నుండును. ప్రధానోపాధ్యాయుడు ఆ పుట చూపి వారికి ఉత్తరము వ్రాయవచ్చును.